పిల్లలతో స్టేట్ టెస్ట్ మానిపించవచ్చా? అమెరికా తల్లిదండ్రుల వాదన వెనుక కథ

క్లుప్తంగా: అమెరికాలో మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా జరిగే స్టేట్ టెస్టులు ప్రధానంగా బడి పనితీరును కొలవడానికి పెట్టినవి. ఆ మార్కులను టీచర్ల ఉద్యోగాలతో ముడిపెట్టాక వ్యతిరేకత పెరిగింది. 2015లో న్యూయార్క్ రాష్ట్రంలో ప్రతి ఐదుగురిలో ఒకరు పరీక్ష రాయలేదు. మానిపించే వీలు ఉందా, మానిపిస్తే ఏమవుతుంది అన్నది రాష్ట్రాన్ని, తరగతిని బట్టి మారిపోతుంది. నిర్ణయం తీసుకునే ముందు ఆ మార్కు ఎవరి మీద ప్రభావం చూపుతుందో తెలుసుకోవాలి.

అమెరికాలో మార్చి నుంచి మే వరకు స్టేట్ టెస్టుల కాలం. ఆ రోజుల్లో పిల్లల తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "మీ వాడిని ఆప్ట్ అవుట్ చేయిస్తున్నారా?" పిల్లవాడు ఆ పరీక్ష రాయడని తల్లిదండ్రులే బడికి రాసివ్వడాన్ని ఆప్ట్ అవుట్ అంటారు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్లి రెండు మూడేళ్లుగా అక్కడ ఉంటున్న తల్లిదండ్రులకు ఈ ప్రశ్నే వింతగా ఉంటుంది. జ్వరం వచ్చినా మాత్ర వేసి పరీక్ష హాలుకు పంపే అలవాటు మనది. పరీక్ష రాయొద్దని ఇంట్లో వాళ్లే చెప్పడం ఏమిటి? రాయకపోతే పై తరగతికి పంపుతారా? రికార్డులో మచ్చ పడుతుందా? వీటికి జవాబు వెతకాలంటే ముందు ఆ పరీక్ష స్వభావం తెలియాలి.

పరీక్ష పిల్లలదా, బడిదా?

మన పదో తరగతి పరీక్షకు హాల్ టికెట్ ఉంటుంది, ఫలితాల రోజు ఉంటుంది, చేతికి సర్టిఫికెట్ వస్తుంది. దాని ఫలం, నష్టం పూర్తిగా ఆ విద్యార్థివే. బడికి పేరు వచ్చినా రాకపోయినా అది రెండో సంగతి. ఇంటర్, ఎంసెట్ నుంచి ఉద్యోగ పరీక్షల దాకా మనకు తెలిసిన పరీక్షలన్నీ ఈ కోవలోవే.

అమెరికాలో మూడు నుంచి ఎనిమిది తరగతుల స్టేట్ టెస్టుల దారి వేరు. ఏ డిస్ట్రిక్ట్‌లో (ఆ ప్రాంతపు బడులను నడిపే స్థానిక విద్యా విభాగం), ఏ బడిలో, ఏ వర్గం పిల్లలు చదవడంలో, లెక్కల్లో ఎక్కడున్నారో ప్రభుత్వం తెలుసుకోవడానికి పెట్టిన కొలత అది. చాలా రాష్ట్రాల్లో ఆ మార్కు రిపోర్ట్ కార్డులోని గ్రేడ్‌ను మార్చదు, పై తరగతికి వెళ్లడాన్ని ఆపదు. మన దేశంలో దీనికి దగ్గరగా ఉండేది 2024 డిసెంబర్‌లో 3, 6, 9 తరగతులకు జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్. అంతకుముందు 2017లో, 2021లో నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే పేరుతో ఇలాంటిదే నిర్వహించారు. అవి శాంపిల్ సర్వేలు కాబట్టి ఎంపికైన బడుల్లో కొందరు పిల్లలే రాస్తారు, ఎవరి మార్కూ ఇంటికి రాదు. అమెరికా పద్ధతిలో మాత్రం ప్రతి ప్రభుత్వ బడిలో ప్రతి పిల్లవాడూ రాయాలి, మార్కు పిల్లవాడి పేరుతో ఇంటికి వస్తుంది. బడిని కొలిచే సర్వేకు పిల్లవాడి పరీక్ష వేషం వేసినట్టు అవుతుంది. గందరగోళమంతా అక్కడే పుట్టింది.

సర్వే అయితే శాంపిల్ చాలదా అన్న ప్రశ్న సహజం. అమెరికాలో శాంపిల్ పరీక్ష కూడా ఉంది. నేప్ అనే జాతీయ పరీక్షను సాధారణంగా రెండేళ్లకోసారి 4, 8 తరగతుల్లో కొందరు పిల్లలకు పెడతారు. అది రాష్ట్రాల మధ్య పోలికకు పనికొస్తుంది కానీ, ఫలానా వీధిలోని ఫలానా బడిలో చదువు ఎలా ఉందో చెప్పలేదు. అది చెప్పడానికే అందరికీ పరీక్ష పెట్టారు.

2002 చట్టం ఏం ఆశించింది

రిపబ్లికన్ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ బుష్ 2002 జనవరి 8న 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టంపై సంతకం చేశారు. దాన్ని గట్టెక్కించినవారిలో డెమొక్రాట్ సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీ ముఖ్యులు. రెండు పార్టీలు ఒక్కటవడానికి బలమైన కారణమే ఉంది. అంతకుముందు ఒక బడి సగటు మార్కు బాగుంటే చాలు, ఆ సగటు చాటున నల్లజాతి పిల్లలు, పేద పిల్లలు, ఇంగ్లిష్ కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు, వైకల్యం ఉన్న పిల్లలు ఎంత వెనకబడినా బయటికి తెలిసేది కాదు. పరీక్ష రోజున బలహీన విద్యార్థిని ఇంట్లో ఉండమనే అలవాటు ఎక్కడైనా పుట్టవచ్చు.

అందుకే చట్టం మూడు షరతులు పెట్టింది. 3 నుంచి 8 తరగతుల దాకా ఏటా, హైస్కూల్‌లో ఒకసారి రీడింగ్, లెక్కల పరీక్షలు జరగాలి. ఫలితాలను వర్గాలవారీగా విడదీసి ప్రకటించాలి. ప్రతి వర్గంలోనూ కనీసం 95 శాతం మంది పరీక్ష రాయాలి. బడులు బలహీనుల్ని దాచిపెట్టకుండా ఆపడానికి ఆ 95 శాతం నిబంధన వచ్చింది. పన్నెండు, పదమూడేళ్ల తర్వాత తల్లిదండ్రులే స్వయంగా పిల్లల్ని పక్కకు తీసుకెళ్తారని, ఆ గీత వాళ్లకే అడ్డం వస్తుందని చట్టం రాసినవారు అనుకోలేదు.

చట్టంలో అన్నిటికంటే బరువైన మాట ఇంకొకటి ఉంది. 2014 నాటికి ప్రతి విద్యార్థీ తన తరగతి స్థాయిని అందుకోవాలన్నారు. ఇంత పెద్ద దేశంలో నూటికి నూరు శాతం అసాధ్యమని కొన్నాళ్లకే తేలిపోయింది. గడువు దగ్గరపడేకొద్దీ మంచి బడులకు కూడా 'ఫెయిల్' ముద్ర పడటం మొదలైంది. చివరికి ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాలకు మినహాయింపులు ఇచ్చింది, కొత్త షరతులతో.

మార్కు ఉద్యోగాలకు ముడిపడినప్పుడు

2009లో ఒబామా ప్రభుత్వం 435 కోట్ల డాలర్లతో 'రేస్ టు ద టాప్' పోటీ పెట్టింది. నిధులు కావాలంటే రాష్ట్రాలు ఉమ్మడి పాఠ్య ప్రమాణాలు పాటించాలి, టీచర్ల పనితీరు అంచనాలో విద్యార్థుల మార్కులను లెక్కలోకి తీసుకోవాలి. 2010లో న్యూయార్క్ దాదాపు 70 కోట్ల డాలర్లు గెలుచుకుంది. 2010 తర్వాత నలభైకి పైగా రాష్ట్రాలు కామన్ కోర్ అనే ఈ ఉమ్మడి ప్రమాణాలను స్వీకరించాయి. పాఠం కఠినమైంది. అదే సమయంలో ఆ పాఠం మీద పెట్టే పరీక్షతో టీచర్ల భవిష్యత్తు ముడిపడింది.

ఒక కొలతకు బహుమతినో శిక్షనో ముడిపెడితే ఏమవుతుందో సామాజిక శాస్త్రవేత్త డోనాల్డ్ క్యాంప్‌బెల్ 1970లలోనే సూత్రీకరించారు. నిర్ణయాలకు ఒక అంకెను ఎంత ఎక్కువగా వాడితే ఆ అంకె అంతగా చెడిపోతుంది, అది కొలవాల్సిన పనిని కూడా చెడగొడుతుంది. కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల ప్రకటనలు చూస్తూ పెరిగిన తెలుగువారికి ఈ సూత్రాన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు.

అట్లాంటాలో ఇది అతి దారుణంగా బయటపడింది. 2009 పరీక్షల్లో పిల్లల జవాబు పత్రాలు దిద్దారన్న ఆరోపణపై జార్జియా రాష్ట్రం విచారణ జరిపింది. 44 బడుల్లో 178 మంది టీచర్లు, ప్రిన్సిపళ్లకు ఇందులో పాత్ర ఉందని 2011లో నివేదిక వచ్చింది. 2015లో పదకొండు మందిని కోర్టు దోషులుగా తేల్చింది. అందరికంటే ఎక్కువ నష్టపోయింది పిల్లలే. మార్కులు బాగున్నాయని కాగితం మీద ఉండటంతో, నిజంగా సాయం అవసరమైనవారికి అది అందలేదు.

మోసం అరుదు. చాలా బడుల్లో జరిగేది అంతకంటే నిశ్శబ్దమైన మార్పు. పరీక్షలో రాని సైన్స్, సోషల్, సంగీతం, బొమ్మలు వేయడం మెల్లగా టైమ్‌టేబుల్‌లో కుంచించుకుపోతాయి. ఫిబ్రవరి నుంచే ప్రాక్టీస్ పేపర్లు మొదలవుతాయి. అమెరికా తల్లిదండ్రులు దీన్నే 'టీచింగ్ టు ద టెస్ట్' అని విమర్శిస్తారు.

న్యూయార్క్‌లో ఏం జరిగింది

ఆప్ట్ అవుట్ అంటే ముందుగా గుర్తొచ్చేది న్యూయార్క్ రాష్ట్రం. 2013లో అక్కడ కొత్త ప్రమాణాలతో మొదటి పరీక్ష జరిగింది. రీడింగ్‌లోనూ లెక్కల్లోనూ 'ప్రొఫిషియెంట్' (తరగతికి తగిన) స్థాయి అందుకున్నవారు 31 శాతం దగ్గర ఆగారు. ముందు ఏడాది తమ పిల్లలు బాగా చదువుతున్నారని విన్న తల్లిదండ్రులకు ఒక్కసారిగా తక్కువ స్థాయి కాగితం చేతికొచ్చింది. పిల్లలు మారలేదు, గీత పైకి జరిగింది. ఆ ఏడాది నవంబర్‌లో అప్పటి ఫెడరల్ విద్యా మంత్రి ఆర్నీ డంకన్, ఈ వ్యతిరేకత తమ పిల్లలు అనుకున్నంత తెలివైనవాళ్లు కాదని తెలుసుకున్న 'శివారు ప్రాంతాల తెల్లజాతి తల్లుల' నుంచి వస్తోందన్నారు. తర్వాత ఆ మాటలకు విచారం వ్యక్తం చేశారు కానీ, అప్పటికే మంట రాజుకుంది.

2014లో పరీక్ష మానేసినవారు దాదాపు 5 శాతం. 2015 మొదట్లో గవర్నర్ ఆండ్రూ క్యువోమో టీచర్ల అంచనాలో సగం దాకా స్టేట్ టెస్ట్ మార్కుల మీదే ఆధారపడాలని ప్రతిపాదించారు. రాష్ట్ర టీచర్ల సంఘం అధ్యక్షురాలు బహిరంగంగానే పిల్లల చేత పరీక్ష మానిపించమని పిలుపునిచ్చారు. ఆ వసంతంలో రాయాల్సిన పదకొండు లక్షల మందిలో రెండు లక్షల మందికి పైగా రాయలేదు. అంటే ప్రతి ఐదుగురిలో ఒకరు.

ఈ అంకె రాష్ట్రమంతా ఒకేలా లేదు. న్యూయార్క్ నగరంలో మానేసినవారు 2 శాతం లోపే. పక్కనే ఉన్న లాంగ్ ఐలాండ్‌లో 2016 నాటికి దాదాపు సగం మంది రాయలేదు. ఆదాయాలు, జనాభా, టీచర్ల సంఘాల బలం వంటి తేడాలు ఉన్నాయి. వాటితోపాటు ఇంకొక కారణం కనిపిస్తుంది. నగరంలో అప్పట్లో చాలా పేరున్న మిడిల్ స్కూళ్లు సీటు ఇచ్చేటప్పుడు నాలుగో తరగతి స్టేట్ టెస్ట్ మార్కులు చూసేవి. అక్కడ ఆ మార్కుతో పిల్లవాడికి పని ఉంది, కాబట్టి తల్లిదండ్రులు సాహసించలేదు. లాంగ్ ఐలాండ్‌లో పిల్లలు ఉన్న డిస్ట్రిక్ట్‌లోనే పై బడికి వెళ్తారు. మార్కుతో పని టీచర్‌కూ బడికీ మాత్రమే. అందుకే అక్కడ కాదనడం తేలికైంది. ఒకే పరీక్ష, ఒకే రాష్ట్రం, గంట ప్రయాణం దూరం. తేడా తెచ్చింది ఎక్కువగా ఆ మార్కు వాడకమే అనిపిస్తుంది.

టీచర్ల అంచనా లెక్క ఎంత బలహీనమో చూపిన కేసు కూడా లాంగ్ ఐలాండ్‌దే. గ్రేట్ నెక్‌లో నాలుగో తరగతి చెప్పే ఒక టీచర్‌కు విద్యార్థుల ఎదుగుదల లెక్కలో ఒక ఏడాది 20కి 14 పాయింట్లు, మరుసటి ఏడాది 20కి 1 పాయింటు వచ్చాయి. ఆమె విద్యార్థుల మార్కులు రెండేళ్లూ ఇంచుమించు ఒకేలా ఉన్నాయి. 2016లో రాష్ట్ర న్యాయస్థానం ఆ ఒక్క పాయింటు రేటింగ్‌ను హేతువు లేనిదిగా తేల్చి కొట్టేసింది. ఇరవై పాతికమంది పిల్లలున్న తరగతిలో, అదీ మొదటి నుంచే బాగా చదివేవారు ఉన్నప్పుడు, 'ఎదుగుదల' అనే అంకె ఎటు ఊగుతుందో చెప్పలేం.

రాష్ట్రం దిగి వచ్చింది. 2015 డిసెంబర్‌లో 3–8 తరగతుల మార్కులను టీచర్ల అంచనాలో వాడకుండా తాత్కాలికంగా నిలిపివేసింది. 2016 నుంచి పరీక్షకు సమయ పరిమితి తీసేసింది, 2018 నుంచి ఒక్కో సబ్జెక్టుకు మూడు రోజుల పరీక్షను రెండు రోజులకు తగ్గించింది. 2019లో ఆ మార్కులను వాడి తీరాలన్న నిబంధనే చట్టం నుంచి పోయింది. మానేసేవారి వాటా కూడా మెల్లగా తగ్గి ఆ ఏడాది దాదాపు 16 శాతానికి వచ్చింది. ఒక్కసారిగా పడిపోలేదు. తల్లిదండ్రుల నమ్మకం పోవడానికి రెండేళ్లు పట్టింది, తిరిగి రావడానికి అంతకంటే ఎక్కువ కాలమే పడుతోంది.

95 శాతం లెక్క ఎలా పనిచేస్తుంది

2015 డిసెంబర్ 10న పాత చట్టం స్థానంలో 'ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్' చట్టం వచ్చింది. ఏటా పరీక్ష, 95 శాతం నిబంధన రెండూ అలాగే ఉన్నాయి. అదే చట్టం, పరీక్ష రాయించాలా వద్దా అన్న విషయంలో తల్లిదండ్రులకు రాష్ట్రాలు ఇచ్చే హక్కుకు తాను అడ్డురానని కూడా చెప్పింది. ఒకే చట్టంలో ఈ రెండు మాటలు ఉండటం వల్ల తల్లిదండ్రుల నిర్ణయం భారం బడి లెక్కల మీద పడుతుంది.

ఉదాహరణకు ఒక బడిలో రాయాల్సినవారు 100 మంది. అందరూ రాస్తే 75 మంది స్థాయి అందుకున్నారనుకుందాం, అంటే 75 శాతం. ఇప్పుడు 20 మంది మానేశారు. రాసిన 80 మందిలో 60 మంది స్థాయి అందుకున్నారు. మామూలు లెక్కలో ఇదీ 75 శాతమే. కానీ ఫెడరల్ నిబంధన ప్రకారం కనీసం 95 మందితో భాగించాలి. 60ని 95తో భాగిస్తే 63 శాతం వస్తుంది. చదువు చెప్పడంలో ఏ మార్పూ లేకుండానే బడి 12 పాయింట్లు కిందికి జారింది.

దీని వల్ల నిధులు పోతాయన్న భయాన్ని కొన్ని డిస్ట్రిక్టులు తల్లిదండ్రులకు రాసే ఉత్తరాల్లో చూపాయి. 95 శాతం అందుకోని రాష్ట్రాలకు ఫెడరల్ విద్యాశాఖ హెచ్చరిక లేఖలు పంపిన మాట నిజం. అయితే న్యూయార్క్‌లో ఐదోవంతు మంది మానేసిన ఏళ్లలో కూడా ఆ కారణంతో ఫెడరల్ నిధులు ఆగలేదు. బడి రేటింగ్ తగ్గే అవకాశం నిజమైనది. డబ్బు ఆగిపోతుందన్న భయానికి ఇప్పటిదాకా ఆధారం తక్కువ.

ఎవరు మానేస్తున్నారు, ఎవరు వద్దంటున్నారు

కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన టీచర్స్ కాలేజ్ పరిశోధకులు 2016లో ఈ ఉద్యమకారుల మీద సర్వే చేశారు. ఎక్కువమంది తెల్లజాతివారు, బాగా చదువుకున్నవారు, జాతీయ సగటు కంటే ఎక్కువ ఆదాయం ఉన్నవారు. వాళ్లు చెప్పిన కారణాల్లో ముందున్నవి టీచర్ల అంచనాకు మార్కులు వాడటం, పరీక్ష కోసమే పాఠం చెప్పడం. న్యూయార్క్ విద్యాశాఖ లెక్కల్లోనూ, మానేసినవారిలో తెల్లజాతి పిల్లలు, సాయం అవసరమైన పేద పిల్లలు తక్కువగా ఉన్న డిస్ట్రిక్టుల పిల్లలు ఎక్కువ. అంతకుముందు ఏడాది తక్కువ స్థాయి వచ్చినవారు కాస్త ఎక్కువగా మానేశారు కూడా.

ఈ చివరి వాక్యం చిన్నదిగా కనిపిస్తుంది కానీ ముఖ్యమైనది. మానేసేవారు అన్ని వర్గాల నుంచీ సమానంగా ఉంటే మిగిలిన లెక్క పెద్దగా చెడదు. ఒక వైపు నుంచే ఎక్కువమంది వెళ్లిపోతే మిగిలినవారి సగటు బడి నిజ స్థితిని చూపదు. ఈ ఏడాది అంకెను పోయిన ఏడాదితో పోల్చడం కుదరదు.

2015 మే నెలలో నల్లజాతివారి హక్కుల కోసం పనిచేసే ఎన్‌ఏఏసీపీ సహా పన్నెండు పౌరహక్కుల సంస్థలు పరీక్షల వ్యతిరేక ఉద్యమాన్ని ఖండిస్తూ ప్రకటన చేశాయి. వాటి వాదన సూటిగా ఉంది: లెక్క లేకపోతే తమ పిల్లలు మళ్లీ కనిపించకుండా పోతారు. నల్లజాతి, లాటినో తల్లిదండ్రులందరూ ఈ వాదనతో ఏకీభవించలేదు. తమ పిల్లల బడులకే 'ఫెయిల్' ముద్రలు పడి, అవే మూతపడుతున్నాయని అడిగినవారూ ఉన్నారు. ఆ ప్రశ్నలోనూ న్యాయం ఉంది. వెనకబడినవారిని చూపించడానికి వచ్చిన కొలత, సాయం తేకుండా శిక్ష తెస్తే, ఆ కొలత మీద ఎవరికి నమ్మకం ఉంటుంది?

కొవిడ్ తర్వాత ఈ చర్చ ఇంకో మలుపు తిరిగింది. 2020లో పరీక్షలు జరగలేదు. 2021లో చాలామంది రాయలేదు. బడులు మూతపడిన కాలంలో పిల్లలు ఎంత నష్టపోయారో చెప్పగలిగింది తర్వాత వచ్చిన పరీక్షల అంకెలే. 2022 నేప్ ఫలితాల్లో లెక్కలు, రీడింగ్ రెండూ పడిపోయాయి. 2024లో రీడింగ్ ఇంకా కిందికి వెళ్లింది. కొలత పూర్తిగా వద్దనేవారికి ఇక్కడ గట్టి జవాబు దొరకడం కష్టం.

భారం నిజంగా ఎక్కడి నుంచి వస్తోంది

పిల్లలకు టెన్షన్ ఎక్కువైందన్న ఫిర్యాదు నిజమే. అయితే దానికి స్టేట్ టెస్ట్ ఒక్కటే కారణం కాదు. పెద్ద నగరాల బడుల సంఘమైన కౌన్సిల్ ఆఫ్ ద గ్రేట్ సిటీ స్కూల్స్ 2015 అక్టోబర్‌లో 66 పెద్ద నగర డిస్ట్రిక్టుల మీద అధ్యయనం వెలువరించింది. బడిలో చేరినప్పటి నుంచి పన్నెండో తరగతి దాకా ఒక విద్యార్థి సగటున 112 తప్పనిసరి స్టాండర్డైజ్డ్ టెస్టులు రాస్తున్నాడు. ఫెడరల్ చట్టం అడిగేవి అందులో 17 మాత్రమే: ఆరు తరగతుల్లో రెండేసి చొప్పున పన్నెండు, హైస్కూల్‌లో రెండు, మొత్తం చదువులో సైన్స్‌లో మూడు. మిగిలినవాటిలో చాలా భాగం డిస్ట్రిక్టులు కొని పెడుతున్న బెంచ్‌మార్క్ పరీక్షలు, ఏడాదికి మూడుసార్లు కంప్యూటర్ మీద రాయించేవి.

ఎనిమిదో తరగతిలో ఈ పరీక్షలకు పోయే సమయం బడి సమయంలో 2.3 శాతం దాకా ఉందని అదే అధ్యయనం తేల్చింది. వెంటనే ఒబామా ప్రభుత్వం 2 శాతం పరిమితి పెట్టుకోమని సూచించింది. అంకెగా చూస్తే చిన్నదే. ప్రాక్టీస్‌కు పోయే సమయం ఈ లెక్కలో లేదు, పిల్లల్ని ఎక్కువగా నలిపేది అదే. ఇంట్లో తల్లిదండ్రులు స్టేట్ టెస్ట్ ఒక్కటి మానిపిస్తే ఈ భారంలో తగ్గేది కొన్ని గంటలే. బెంచ్‌మార్క్ పరీక్షలు, ప్రాక్టీస్ పేపర్లు అలాగే ఉంటాయి.

టీచర్లు తరచూ ఎత్తి చూపే లోపం ఇంకొకటి ఉంది. పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో జరిగితే మార్కు చాలాచోట్ల వేసవి దాటాక వస్తుంది. అప్పటికి పిల్లవాడు పై తరగతిలో, కొత్త టీచర్ దగ్గర ఉంటాడు. భిన్నాలు రాలేదని అప్పుడు తెలిస్తే పాత టీచర్ చేయగలిగింది ఏమీ లేదు. ఈ విమర్శకు స్పందనగానే టెక్సాస్ 2025లో చట్టం చేసింది. 2027–28 నుంచి అక్కడ స్టార్ అనే రాష్ట్ర పరీక్ష స్థానంలో ఏడాది మొదట్లో, మధ్యలో, చివర్లో మూడు చిన్న పరీక్షలు వస్తాయి.

రాష్ట్రం మారితే నియమం మారుతుంది

కాలిఫోర్నియాలో తల్లిదండ్రులు రాతపూర్వకంగా కోరితే పిల్లవాడికి మినహాయింపు ఇవ్వాలని విద్యా చట్టమే చెబుతుంది. బడి సిబ్బంది మాత్రం మానేయమని ప్రోత్సహించకూడదు. ఆరెగాన్ 2015లో ఇలాంటి హక్కునే చట్టం చేసింది. వాషింగ్టన్ రాష్ట్రంలో అదే ఏడాది పదకొండో తరగతి విద్యార్థుల్లో దాదాపు సగం మంది పరీక్షకు దూరంగా ఉన్నారు. న్యూయార్క్‌లో హక్కు అని ఎక్కడా రాసి లేదు, కానీ తల్లిదండ్రుల నిరాకరణ లేఖను బడులు అంగీకరిస్తాయి. మొదటి రోజుల్లో కొన్ని డిస్ట్రిక్టులు పరీక్ష రాయని పిల్లల్ని అదే గదిలో పుస్తకం కూడా లేకుండా కూర్చోబెట్టాయి. దానికి 'సిట్ అండ్ స్టేర్' అని పేరొచ్చింది. తొమ్మిదేళ్ల పిల్లలకు అది శిక్షే. పెద్దల వివాదంలో వాళ్లను అలా నిలబెట్టడం తప్పు.

టెక్సాస్‌లో పరిస్థితి వేరు. పరీక్ష తప్పించడం కోసం పిల్లల్ని తరగతి నుంచి తీసుకెళ్లే హక్కు తల్లిదండ్రులకు లేదని అక్కడి చట్టం చెబుతుంది. హైస్కూల్‌లో కొన్ని సబ్జెక్టుల పరీక్షలు పాస్ కావడం గ్రాడ్యుయేషన్‌కు షరతు.

ఫ్లోరిడా అందరికీ హెచ్చరికగా నిలిచింది. మూడో తరగతి రీడింగ్ పరీక్షలో కనీస స్థాయి రాకపోతే పై తరగతికి పంపకూడదని అక్కడ నియమం. కొందరు తల్లిదండ్రులు పిల్లల చేత పేపర్ తెరిచి పేరు రాయించి ఊరుకున్నారు, పరీక్షలో 'పాల్గొనడం' అంటే అంతే చాలని భావించారు. పిల్లల్ని మూడో తరగతిలోనే ఆపారు. 2016లో కింది కోర్టు తల్లిదండ్రుల వైపు నిలిచినా, 2017లో అప్పీల్ కోర్టు ఆ తీర్పును తిప్పేసింది. పిల్లవాడికి చదవడం వచ్చో రాదో తెలుసుకోవడమే పరీక్ష ఉద్దేశం కాబట్టి, జవాబులు రాయకపోతే ఆ ఉద్దేశం నెరవేరదని చెప్పింది.

మసాచుసెట్స్‌లో 2024 నవంబర్‌లో ఓటర్లు ఎంకాస్ అనే రాష్ట్ర పరీక్ష పాస్ కావాలన్న గ్రాడ్యుయేషన్ షరతును తొలగించారు. పరీక్ష మాత్రం కొనసాగుతోంది. కొలత ఉండాలి, దాంతో పిల్లవాడి డిప్లొమా ఆపకూడదు అన్న ఈ తీర్పు మొత్తం చర్చలో అందరికంటే స్పష్టంగా మాట్లాడింది.

ఇంగ్లండ్‌లోనూ 2016 మే 3న ఆరేడేళ్ల పిల్లలకు పెట్టే శాట్స్ పరీక్షలకు నిరసనగా వేల మంది తల్లిదండ్రులు పిల్లల్ని ఇంట్లో ఉంచుకున్నారు. ఆ వయసు పరీక్షలు 2023–24 నుంచి తప్పనిసరి జాబితాలో లేవు. ఆస్ట్రేలియాలో 2008లో మొదలైన నాప్లాన్ పరీక్ష నుంచి పిల్లల్ని తప్పించమని తల్లిదండ్రులు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ దేశాలన్నిటిలోనూ బడి కొలత, పిల్లవాడి భవిష్యత్తు ఎంత దగ్గరగా ముడిపడితే గొడవ అంత పెద్దదైంది.

తెలుగు కుటుంబాలు చూసుకోవాల్సినవి

అమెరికాలో ఇల్లు కొనే తెలుగువారు మొదట చూసేది స్కూల్ రేటింగ్. గ్రేట్‌స్కూల్స్ లాంటి సంస్థలు ఇచ్చే 1 నుంచి 10 రేటింగుకు స్టేట్ టెస్ట్ మార్కులే ప్రధాన ముడిసరుకు. ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఇంటి ధర కూడా ఆ అంకె వెంట నడుస్తుంది. ఒక బడిలో మానేసేవారు ఎక్కువైతే ఆ అంకె నమ్మకం తగ్గుతుంది. కాబట్టి రేటింగ్ చూసేటప్పుడు ఎంత శాతం మంది పరీక్ష రాశారో కూడా రాష్ట్ర విద్యాశాఖ పేజీలో చూడటం మంచిది.

గిఫ్టెడ్ ప్రోగ్రామ్ (చురుకైన పిల్లల ప్రత్యేక క్లాసులు), ఒక తరగతి ముందున్న లెక్కల క్లాసు చాలా తెలుగు ఇళ్లలో పెద్ద విషయం. కొన్ని డిస్ట్రిక్టులు వీటికి సొంత పరీక్ష పెడతాయి, కొన్ని స్టేట్ టెస్ట్ మార్కును కూడా చూస్తాయి. రెండో రకం డిస్ట్రిక్ట్‌లో ఉంటూ మానిపిస్తే పిల్లవాడి ఫైల్‌లో ఒక ఖాళీ మిగులుతుంది.

కొత్తగా వచ్చినవారికి ఇంకో సంగతి. బడిలో చేర్చేటప్పుడు ఇంటి భాష అడిగే ఫారంలో 'తెలుగు' అని రాస్తే పిల్లవాడికి ఇంగ్లిష్ స్థాయి పరీక్ష పెడతారు. సాయం అవసరమని తేలితే ఏటా ఇంకొక ఇంగ్లిష్ పరీక్ష ఉంటుంది. ఇది స్టేట్ టెస్ట్‌కు వేరు. దాన్ని దాటితేనే ఆ ప్రత్యేక క్లాసుల నుంచి బయటికి వస్తారు, కాబట్టి అది మానిపిస్తే నష్టం పిల్లవాడికే. అమెరికా బడిలో చేరి పన్నెండు నెలలు నిండని, ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకు ఒకసారి రీడింగ్ పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చే వీలు ఫెడరల్ చట్టం రాష్ట్రాలకు ఇచ్చింది. లెక్కల పరీక్షకు ఆ మినహాయింపు లేదు. చాలామంది తల్లిదండ్రులు దీని గురించి అడగరు, బడి కూడా ఒక్కోసారి తనంతట చెప్పదు.

మానిపించాలన్నా, రాయించాలన్నా ముందు కౌన్సెలర్‌ను అడగాల్సినవి కొన్నే. ఈ తరగతిలో ఈ మార్కును పై తరగతికి పంపడానికి గానీ, ఏదైనా క్లాసు కేటాయించడానికి గానీ వాడుతున్నారా? ఈ డిస్ట్రిక్ట్‌లో టీచర్ అంచనాలో ఇది ఉందా? పిల్లవాడికి భయమే సమస్య అయితే, వైకల్యం లేదా ప్రత్యేక అవసరం ఉంటే, అదనపు సమయం, వేరే గది ఇస్తారా? రాయకపోతే ఆ రెండు రోజులూ పిల్లవాడు ఎక్కడ కూర్చుంటాడు, చదువుకోవడానికి పుస్తకం ఇస్తారా? ఈ చివరి ప్రశ్నకు జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. ఆ రెండు రోజులు ఆ గదిలో గడపాల్సింది పిల్లవాడే.